పాత క్లబ్బులో తెల్లచీరలు

"ఎవరు పోయిన్రు మేడం?"

మేనేజర్ రఘుపతి గొంతు తగ్గించే అడిగాడు. అయినా ఆ పాత క్లబ్బు మెట్ల దగ్గర గుసగుసలాడినా పైకప్పు దాకా వినపడుతుంది. మెట్ల మీద వరుసగా నిలబడ్డ తెల్లచీరల ఆడవాళ్ళంతా ఒక్కసారే అతని వైపు తిరిగారు. ఎదురు ఫ్లాటులోంచి పెళ్ళివారి పెద్దావిడ ఒకామె, చేతుల పసుపు ఆరకుండానే తొంగిచూసి, గబుక్కున తలుపు వేసుకుంది.

ఎవాంజెలిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెద్దపల్లిలో బడి పంతులమ్మ. పిల్లలను గదమాయించే గొంతు ఇవాళ ఎక్కడికో పోయింది.

"ఎవరూ పోలే సార్. మా బాపును చూడనీకి మా సంఘపోళ్ళు వచ్చిన్రు."

"గింతమంది తెల్లచీరలు గట్టుకొనా?"

"ఇయ్యాల మొదటి ఆదివారం. మాకు ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం తీసుకునుడు ఉంటది. బల్లకు తెల్లచీర కట్టుకునుడు మా రివాజు. చర్చి నుంచి సక్కగ ఇటే వచ్చిన్రు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పాపం, ఆ నిజాన్ని నమ్మించే యోగ్యత ఆ కుటుంబానికి అప్పటికే పోయింది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అంటారు. తండ్రికి మోకాలి ఆపరేషన్ అయిందని, నాలుగు రోజులు దవాఖానకు దగ్గరగా ఉంటామని చెప్పి ఈ ఫ్లాటు తీసుకున్నది ఎవాంజెలినే. ఇప్పుడు లోపల్నుంచి పాట మొదలైంది. సంఘంలో పెద్దామె కెరోలిన్ ఎత్తుకుంది, మిగిలినవాళ్ళు అందుకున్నారు. మెల్లగానే పాడారు గాని, మోకాలు నొప్పికి ఎవరూ అట్లా పాడరు.

రఘుపతి ఆమెను తప్పించుకొని లోపలికి వచ్చాడు.

మంచం మీద యిర్మియా ఉన్నాడు. ఒకప్పుడు గనిలో రెస్క్యూ టీం మనిషి. గ్యాసు నిండిన చోటికి ముక్కుకు గొట్టం తగిలించుకొని పోయి, పడిపోయినవాళ్ళను భుజాన వేసుకొని వచ్చిన మనిషి. ఇప్పుడు ఆ ముక్కుకే వేరే గొట్టం ఉంది. మంచం పక్కన మిషన్ గుయ్యిమంటోంది. పాస్టరుగారు రొట్టె తుంచి ద్రాక్షరసంలో ముంచి అతని నాలుక మీద పెట్టారు. మింగడానికి చాలాసేపు పట్టింది. తలాపున కూర్చున్న భార్య సుగుణమణి అతని గొంతునే చూస్తూ ఉండిపోయింది.

"మోకాలుకు ఆక్సిజన్ పెడ్తరా అమ్మా?" అన్నాడు రఘుపతి.

సుగుణమణి తలెత్తింది. "దవాఖానల ఇంటికి తీస్కపొమ్మన్నరు నాయినా. ఇల్లు లేదు మాకు. ఇటు తెచ్చినం."

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. తెల్లచీరలు ఒక్కొక్కటే మెట్లు దిగిపోయాయి.

*

ఇల్లు లేకపోవడమేమిటని పట్నంవాళ్ళు అడగొచ్చు. గోదావరిఖనిలో అడగరు. కంపెనీ క్వార్టరు ఉండగా ఇల్లెందుకు అనుకుంటూ సర్వీసంతా గడిపినవాళ్ళు ఆ ఊళ్ళో వీధికి నలుగురుంటారు. రిటైరైతే క్వార్టరు అప్పజెప్పాలి. అప్పజెప్పి యిర్మియావాళ్ళు కిరాయి ఇంట్లో చేరారు. దవాఖాన నుంచి "ఇంటికి" అన్న మాట రాగానే ఆ ఇంటి ఓనరు తాళం మార్చేశాడు. తన ఇంట్లో పరాయివాడి ప్రాణం పోతే ఏడాదిదాకా కిరాయికి ఎవరూ రారని అతని భయం.

అట్లా చౌరస్తా నడిబొడ్డున ఈ రాతి క్లబ్బుకు వచ్చిపడ్డారు. బొగ్గు తీయడం మొదలైన కొత్తలో పెద్ద ఆఫీసర్ల కోసం కట్టింది ఇది. ఊరు దాని చుట్టూ పెరిగింది. ఈ మధ్య ఎవరో లీజుకు తీసుకొని, గదికో చిన్న వంటిల్లు, ఫ్రిజ్జు పెట్టి, ఇంట్లో ఉన్నట్టే ఉండండని బోర్డు కట్టారు. మెట్ల పక్క గోడకు పాత కార్మికుల ఫోటోలు, వరండాలో హెల్మెట్లు బోర్లించి వాటిలో బల్బులు. నల్లబడ్డ ముఖాలతో నవ్వుతున్న ఆ ఫోటోల ముందు పెళ్ళివారి పిల్లలు పొద్దుట్నుంచి సెల్ఫీలు దిగుతున్నారు. గోడమీది కార్మికుడు ఎన్నేళ్ళైనా ఉండొచ్చు. మంచంమీది కార్మికుడికే చెక్ అవుట్.

రఘుపతి మంచివాడే. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

"మా నాయన గూడ బొగ్గుబాయిల జేసినోడే అమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నాకు మనసొప్పుతదా? గాని ఎదురుంగ పెండ్లోళ్ళున్నరు. తెల్లారి ముహూర్తం. ఆళ్ళు ఓనరుకు ఫోన్ గొట్టిన్రు. చీకటిపడక ముందే ఖాళీ జేపియ్యకుంటె నన్నే ఖాళీ జేపిస్తడు."

"జరంత ఆగలేవా నాయినా? ఆయనకు ఎక్కువ టైం లేదు."

"అందుకేనమ్మా..." అని, అన్న మాటకు తనే సిగ్గుపడి, రఘుపతి కిందికి వెళ్ళిపోయాడు.

*

వంటింట్లో ముగ్గురు నిలబడితే నాలుగోవాళ్ళకు చోటుండదు. సుగుణమణి గిన్నెలో జావ కలుపుతోంది. ఎవరూ తాగరని ఆమెకు తెలుసు. కొడుకు యేసుకుమార్ ఫ్రిజ్జుకు ఆనుకొని నేల చూస్తున్నాడు. ఎవాంజెలిన్ తమ్ముడినే చూస్తోంది.

"మంచిర్యాలకు తీస్కపోదాం. నీ ఇంటికి," అంది.

"అది నా ఇల్లా అక్కా? కిరాయిది."

"ఓనరును అడిగినవా?"

అతను ఫ్రిజ్జు తలుపు తెరిచి మళ్ళీ మూశాడు.

"అడగలేదా, అడిగితే వద్దన్నడా?"

"అడగలే. ఏమంటడో ఎరుకే గదా. ఇద్దరు పోరగాండ్లను పట్టుకొని నేను యాడికి పోవాలె?"

"బాపు నిన్ను పట్టుకొని యాడికి పోవాలె అనుకోలేగా! నీకు జొరమొస్తె డ్యూటీ ఇడిచిపెట్టి దవాఖాన ముంగట పండుకున్నడు."

"బాపు గురించి నువ్వు చెప్తున్నవా?" యేసుకుమార్ గొంతు లేచింది. "నీ పెండ్లి నాటి సంది ఆయన సక్కగ నవ్వంగ జూసినవా? సంఘంల తలెత్తుకోలే. కమాన్‌పూర్ల నీకు ఇంతపెద్ద ఇల్లున్నది. గడప తొక్కనని ఒట్టుపెట్టుకున్నడు. ఎవరి పుణ్యమది?"

ఎవాంజెలిన్ పెదవి కొరుక్కుంది. జైపాల్‌ను చేసుకున్నప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. అతను కమాన్‌పూర్ రైతు కొడుకు, మతం వేరు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు నా బిడ్డవే. ఆ గడప మాత్రం నేను తొక్క" అన్నాడు. అన్నమాట తప్పలేదు.

"చాలు," అంది సుగుణమణి.

గరిటె గిన్నెలో పెట్టింది.

"క్వార్టరుకు ఏటేటా సున్నమేసిన. జామచెట్టు పెట్టిన. ఒక్కనాడన్న మనది గాదనుకున్ననా? మీ బాపు అనుకున్నడా? తప్పు మాది. మీరు కొట్లాడకుండ్రి."

పెళ్ళివారి గదిలో ఎవరో గట్టిగా నవ్వారు. పక్కగదిలో మిషన్ గుయ్యిమంటూనే ఉంది.

*

యిర్మియా కళ్ళు తెరిచాడు.

"సుగుణా."

"ఆ."

"ఇది... క్లబ్బే గదా?"

ఇన్ని రోజులూ అతనితో దవాఖాన గది అనే చెప్పారు. ఇక దాచి ఏం లాభం? ఆమె తలూపింది.

"మా టీంకు... సన్మానం జేసిన్రు ఈడ. చాయ పోసిన్రు. వరండ దాటనియ్యలే." నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా ఆమె వీపు రాస్తూ కూర్చుంది. "ఇప్పుడు మంచమే... ఇచ్చిన్రు."

"మాట్లాడకు."

"వెళ్ళగొడుతున్నరా?"

ఆమె జవాబు చెప్పలేదు. అతను కూడా మళ్ళీ అడగలేదు.

వాళ్ళ కాపురంలో ఇట్లాంటి మౌనం ఒకసారి వచ్చింది. అప్పుడు గని కప్పు కూలి ఒక కుర్రాడు అడుగున పడ్డాడు. యిర్మియా టీం స్ట్రెచర్ మీద పైకి తెచ్చింది. గని ముందు ఆడవాళ్ళలో సుగుణమణి కూడా ఉంది. కుర్రాడి పెళ్ళాం ఎదురు పరుగెత్తుకొస్తే, యిర్మియా కంబళి ఛాతీదాకా లాగి, "ఊపిరున్నది, నడువుండ్రి!" అని అరిచాడు. ఆ కుర్రాడికి ఊపిరి లేదు. దగ్గర్నుంచి చూసిన సుగుణమణికి అర్థమైపోయింది.

ఇంటికొచ్చాక నిలదీసింది. "దేవుని నమ్మినోనివి. ఆ పిల్లకు అబద్ధమెందుకు జెప్పినవ్?"

"బాయిల ఎవరూ సావరు సుగుణా. పైకొచ్చి, దవాఖాన జేరినంకనే సస్తరు. బాయిల సచ్చిండన్న మాట మేమెవ్వరం అనం. గట్లనుకోకపోతే మొయ్యలేం."

మొయ్యలేకపోతే దించెయ్యండి, అంతేగాని ఆడదానికి అట్లాంటి ఆశ పెట్టొద్దు అంది ఆమె. అది పాపం అంది. కొన్ని రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, టిఫిన్ కట్టింది, మాట్లాడలేదు. తర్వాత్తర్వాత మాట కలిసింది గాని, ఆ ఒక్క సంగతిలో ఆమె అతన్ని క్షమించలేదు.

*

మెట్ల మీద కడియాల చప్పుడయింది.

సమ్మవ్వ వచ్చింది. ఎవాంజెలిన్ అత్త. ఎవరూ కబురు పెట్టలేదు. కొడుకు జైపాల్ చెప్పి ఉంటాడు. కుర్చీ చూపిస్తే వద్దని, మంచం పక్కన నేల మీదే కూలబడింది.

"కింద ఆ మేనేజరు పోరడు మొగం ఏలాడేసుకున్నడు. పొమ్మన్నడట గదా వదినె?"

"అవు వదినె."

"పోదాం నడువు మరి. మా జైపాలు ట్రాలీ ఆటో దెచ్చిండు. పరుపేసినం. నా ఇంటికి దీస్కపోత."

యేసుకుమార్ గుమ్మం దగ్గర్నుంచి, "అత్తా, బాపు..." అన్నాడు.

"నాకెరుకే బిడ్డా." సమ్మవ్వ చెయ్యెత్తి ఆపింది. "ముందు నా మాటిను. మా ఇంటిపేరు పాలోళ్ళకు చెప్పే వచ్చిన. మా పెద్ద కొమురెల్లి కాక ఉన్నడు, నాడి పట్టేటోడు, ఆయన మాటే మాకు మాట. బయట సచ్చిన పరాయి పీనుగను మా వాకిట్లకు రానియ్య అన్నడు. పాణముండంగ వస్తె సుట్టం. సుట్టం మనింట్ల కన్నుమూస్తె మనమే సాగనంపాలె, తప్పులేదు అన్నడు. గందుకే జల్ది చెయ్యాలె. పాణముండంగ గడప దాటాలె. ఆ తర్వాత మీ అయ్యగారిని పిలుచుకోండ్రి, మీ పాటలు నా వాకిట్ల పాడుకోండ్రి. నన్నెవడేమంటడు?"

సుగుణమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం పిల్లలు అప్పుడే చూశారు.

సమ్మవ్వ మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగింది.

"అన్నా, ఇంటున్నవా? నా గడప తొక్కనన్నవట."

యిర్మియా కళ్ళు ఆమె వైపు తిరిగాయి.

"తొక్కకు. ఎవరు తొక్కుమన్నరు? మేం మోస్కపోతం. నీ కాలు కింద పెట్టనిస్తె గదా, నీ ఒట్టు పోనీకి!"

అతని పెదవుల మీద ఏదో కదిలింది. నవ్వే.

"నా పెనిమిటి ఆగయ్య పోయిననాడు నువ్వు రాలేదని అందరు అన్నరు," సమ్మవ్వ గొంతు తగ్గింది. "నువ్వు మా గల్లీ మొగదాల బండి ఆపుకొని పొద్దూకేదాక నిలవడ్డవట. మా జైపాలు జూసిండు. నాకు జెప్పిండు. గడప తొక్కలే గాని, రానైతె వచ్చినవ్. అది నేను మరిచిపోయిననా?"

సుగుణమణి భర్త ముఖంలోకి చూసింది. ఈ సంగతి ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

యిర్మియా చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కదిలి, సమ్మవ్వ చేతిని పట్టుకుంది.

"జల్ది," అన్నాడు.

*

ఆక్సిజన్ మిషన్ కరెంటుది. ఆటోలో పనిచేయదు. కమాన్‌పూర్ చేరేదాకా అతని ఊపిరి అతనే చూసుకోవాలి. గొట్టం తీయడానికి ఎవాంజెలిన్ వంగితే, సుగుణమణి ఆమెను పక్కకు జరిపి తనే తీసింది.

పాత క్లబ్బుకు లిఫ్టు లేదు. భోజనం బల్ల దగ్గరి కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, కంబళి కప్పారు. ముందు యేసుకుమార్, వెనుక జైపాల్ పట్టుకున్నారు. మొదటి మలుపు దగ్గర కుర్చీ ఒరిగింది. ఎప్పుడొచ్చాడో రఘుపతి వచ్చి కుర్చీ కాలు భుజానికి ఎత్తుకున్నాడు.

"మెల్లగ అన్నా, మెల్లగ. ఆ చెక్క మెట్టు జారుతది," అన్నాడు.

పెళ్ళివారిని అతనే లోపలికి పంపి తలుపులు వేయించాడు. ఒక తలుపు సందులోంచి ఎవరో చూస్తూనే ఉన్నారు. కింద గేటు దగ్గర బ్యాండువాళ్ళు డప్పులు వేడిచేసుకుంటున్నారు.

ఎవాంజెలిన్ సంచులతో ముందు దిగిపోయింది. సుగుణమణి కుర్చీ పక్కనే ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆమె కుడిచెయ్యి కంబళి కింద, అతని ఛాతీ మీద ఉంది. లోపల ఊపిరి గరగరమంటూ పైకి లేస్తోంది, దిగుతోంది. నవ్వుతున్న ఫోటోల పక్కనుంచి దిగారు. లేస్తోంది, దిగుతోంది.

రెండో మలుపు దగ్గర దిగింది. మళ్ళీ లేవలేదు.

ఆమె ఇంకో మెట్టు దిగింది. ఇప్పుడు లేస్తుందనుకుంది. ఇంకో మెట్టు దిగింది. అతని తల మెల్లగా ఆమె భుజం మీదికి వాలింది. నిద్రలో వాలినట్టే ఉంది. యేసుకుమార్ ముఖం అటు తిరిగి ఉంది. జైపాల్, రఘుపతి మెట్లు చూసుకుంటున్నారు.

ఎవరికీ తెలియదు. ఆమెకొక్కదానికే తెలుసు.

ఆమెకు అరవాలనిపించింది. అరిస్తే కుర్చీ ఇక్కడే దిగుతుంది. పైకి తీసుకుపోలేరు. కమాన్‌పూర్ గడప దాటనివ్వరు. ఇన్నేళ్ళు ఈ ఊరికి బొగ్గు తీసిన మనిషిని, ఎందరినో భూమి అడుగునుంచి మోసుకొచ్చిన మనిషిని, చౌరస్తాలో బండ్ల మధ్య పడుకోబెట్టాలి. ఆమె నోరు తెరవలేదు.

చివరి మెట్టు దగ్గర సమ్మవ్వ ఎదురొచ్చింది.

"వదినె, ఎట్లున్నడు అన్న?"

కుర్చీ ఆగింది. యేసుకుమార్ తల తిప్పబోయాడు.

సుగుణమణి కంబళి పైకి లాగింది. ఛాతీదాకానే లాగింది.

"ఊపిరున్నది," అంది. "నడువుండ్రి."

ఆ గొంతు తనదని ఆమెకే అనిపించలేదు. యేసుకుమార్ ముందుకు నడిచాడు.

*

ట్రాలీ ఆటో చౌరస్తా దాటింది. యేసుకుమార్, ఎవాంజెలిన్ బండి మీద వెనుక వస్తున్నారు. పరుపు మీద యిర్మియా తల సుగుణమణి ఒడిలో ఉంది. కాళ్ళు సమ్మవ్వ ఒడిలో ఉన్నాయి. ఓపెన్‌కాస్టు గని వైపు పోయే లారీల దుమ్ము లేచి ముగ్గురి మీదా పడుతోంది. సుగుణమణి అతని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది.

కొంతదూరం పోయాక సమ్మవ్వ అంది.

"వదినె, కాళ్ళు సల్లగున్నయ్."

సుగుణమణి రోడ్డు వైపే చూస్తూ ఉంది.

సమ్మవ్వ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత యిర్మియా ముఖంలోకి చూసింది. మొగుడిని సాగనంపిన మనిషికి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. సుగుణమణి కళ్ళు ఆమె కళ్ళతో కలిసి, వెంటనే వాలిపోయాయి.

సమ్మవ్వ కొంగు తీసి అతని పాదాలకు చుట్టింది. రెండు చేతులతో పాదాలు రుద్దడం మొదలుపెట్టింది.

"జైపాలూ, జల్ది పోనియ్ బిడ్డా," అని అరిచింది. "అన్నకు సలిపెడ్తున్నది."

జైపాల్ ముందునుంచి, తల తిప్పకుండానే అన్నాడు.

"పోతున్ననే అవ్వా. ఫోన్ వచ్చింది. కొమురెల్లి కాక మన గడప మీదనే కుర్సీ ఏస్కొని కూసున్నడట. నాడి పట్టి సూసినంకనే లోపటికి రానిస్తడట."

సమ్మవ్వ చేతులు ఆగాయి. తర్వాత ఇంకా గట్టిగా రుద్దసాగాయి.